నూనె లేని తలస్నానం

ఆడి నెలలో కల్యాణ మండపం తలుపులు తెరిచి ఉన్నాయంటే నాకు అనుమానం వస్తుంది. మా వైపు ఆ నెలలో, ఆషాఢంలో లాగే, పెళ్ళిళ్ళు చేయరు. ఖాళీగా ఉన్న మండపాన్ని అడిగినవాళ్ళకల్లా ఇచ్చేస్తారు. మనుషులను చేర్పించే గొలుసుకట్టు వ్యాపారం వాళ్ళు వస్తారు, సగం ధరకు చీరలమ్మేవాళ్ళు వస్తారు. కళ్ళకు గంతలు కట్టి పిల్లల చేత పుస్తకం చదివిస్తామనే వాళ్ళు కూడా ఒక కాలంలో వచ్చారు. మెదడులో నిద్రపోతున్న భాగాన్ని లేపుతామని చెప్పేవాళ్ళు. నేనప్పుడు తిరువళ్ళూరులో ఒక తమిళ దినపత్రికకు విలేకరిని. వెళ్ళి ముందు వరసలో కూర్చుని చూశాను. గంతకూ ముక్కుకూ మధ్య చిన్న సందు ఉంది, పిల్లలు అందులోంచి చూస్తున్నారు. అదే రాశాను. వార్త లోపలి పేజీలో ఒక మూలన వచ్చింది. అప్పటినుంచి మెదడు అనే మాట ఎవరి నోట విన్నా, ముక్కు దగ్గర సందు ఎక్కడుందా అని వెతకడం అలవాటైపోయింది.

రిటైరయినా ఆ అలవాటు పోలేదు. అది తెలిసే పొదటూరుపేట నుంచి మా చెల్లెలు ఫోన్ చేసింది.

"అన్నా, నువ్వొకతూరి తిరుత్తణికి పోయి చూసి రావాల."

"ఏముండాది ఆడ?"

"పాప ఆదివారమైతే చాలు, ఆడికే పోతా ఉండాది. స్టేషన్ కాడ మండపం. ఎవురో మేడమ్ వస్తాదంట. మెదడు గురించి మాట్లాడుకుంటారంట. మెదడు గురించి మాట్లాడేదానికి మండపం ఎందుకన్నా?"

"ఎవురెవురు వస్తారు?"

"మొగపిల్లోళ్ళు, ఆడపిల్లోళ్ళు. అందరూ పెళ్ళి కానోళ్ళే. పక్కింటావిడ ఏమంటా ఉండాదో తెలుసునా? సుయంవరం అంట!"

ఆ అనుమానం మరీ గాలిలోంచి పుట్టింది కాదు. కులసంఘాల వాళ్ళు ఇలాంటి మండపాల్లోనే పెళ్ళికావలసిన పిల్లలను కూర్చోబెట్టి, మైకులో చదువూ జీతమూ చదువుతారు. దాన్ని సుయంవరం అనే అంటారు. అయితే మా చెల్లెలి బెంగ అసలు వేరే ఉంది. ఆమె కూతురు, అంటే నా మేనకోడలు, మా నేతవాళ్ళ వీధిలో డాక్టరేట్ దాకా వెళ్ళిన మొదటి పిల్ల. చెన్నైలో ఒక పరిశోధన సంస్థలో మెదడు మీద పనిచేస్తోంది. వేసవిలో సంచీ సర్దుకుని ఇంటికొచ్చేసింది, తిరిగి వెళ్ళలేదు. ఆడి దాటగానే, ఆవణి నెలలో కమిటీ ముందు నిలబడి ఇంతవరకు చేసిన పని చెప్పుకోవాలి. నిలబడకపోతే సీటు పోతుంది. ఈలోగా తిరువళ్ళూరులో ఒక ప్రైవేటు స్కూలు వాళ్ళు సైన్సు టీచరుగా రమ్మంటున్నారు. పిల్ల అటూ చెప్పదు, ఇటూ చెప్పదు. ఆదివారం మాత్రం మండపానికి పోతుంది.

వెళ్ళాను. తిరువళ్ళూరులో రైలెక్కి, కడంబత్తూరు, అరక్కోణం దాటి తిరుత్తణిలో దిగాను. కొండమీద ఆడి కృత్తిక పండక్కి వచ్చిన జనం వెళ్ళిపోయారు గానీ, కావళ్ళ నుంచి రాలిన నెమలీకలు స్టేషన్ బయట కాలువలో ఇంకా కనిపిస్తున్నాయి. మండపం మేనేజరు నాకు పాత పరిచయం.

"రండి సార్, రండి. పేపరు పనిమీదనా?"

"ఊరికే వచ్చినా."

"ఊరికే మీరు వచ్చే రకం కాదే."

"ఎవురీమె?"

"మా ముదలాళికి, ఈ మండపం ఓనరుకు చుట్టం. పళ్ళిపట్టు పక్క రైతుల బిడ్డ, బెంగుళూరులో పెద్ద సైంటిస్టంట. మొదట నేను చైన్ బిజినెస్ అనుకుంటి. ఒక డబ్బా పౌడర్ కూడా అమ్మలా. సరి, మతం అనుకుంటి. ఒక పాట కూడా పాడలా. మైకు పెట్టేదా అంటే వద్దనింది. మైకు వద్దనే మనిషిని నేనింతవరకూ చూడలా సార్."

"మరేం చేస్తారు?"

"ఒకరు నిలబడి మాట్లాడతారు. మిగతావాళ్ళు నీకెట్లా తెలుసు, నీకెట్లా తెలుసు అని పొడస్తా ఉంటారు. ఒకరిద్దరు ఏడస్తారు. మళ్ళీ అందరూ సాంబారు సాదం తింటారు. అంతే." అతను గొంతు తగ్గించాడు. "అదే నాకూ సందేహం. చుమ్మా ఎవరు చేస్తారు సార్ ఇదంతా?"

చుమ్మా. ఏ ప్రతిఫలమూ లేకుండా. మేనేజరూ నేనూ ఒకే బడిలో చదువుకున్నట్టు అనిపించింది.

భోజనాల హాల్లో పొడుగాటి బల్లల మీద, ఆకులు వేసే చోట, ల్యాప్‌టాప్‌లు తెరిచి పెట్టుకున్నారు పిల్లలు. చిత్తూరు వైపు పిల్లలు కొందరు, మా జిల్లా వాళ్ళు కొందరు. తమిళం, తెలుగు, ఇంగ్లీషు ఒకే వాక్యంలో కలిపేస్తున్నారు. అందరూ వాళ్ళ ఇళ్ళలో ఇంత చదువుకు వచ్చిన మొదటివాళ్ళేనని తర్వాత తెలిసింది. మేడమ్ యాభై దాటిన మనిషి. జుట్టు తలకు అంటుకునేలా పొట్టిగా కత్తిరించుకుంది. ఒక్కొక్కరి పక్కన కూర్చుని, తెరమీదకు వంగి చూసి, వేలు పెట్టి అడుగుతోంది. నేను వాకిలి దగ్గర కుర్చీలో కూర్చున్నాను. నన్నెవరూ పట్టించుకోలేదు. పట్టించుకోకపోతేనే నాకు పని బాగా సాగుతుంది.

మా పిల్ల వంతు వచ్చింది. ల్యాప్‌టాప్ తెరిచింది. అప్పుడు మేడమ్ లేచి, చేతులు కడుక్కునే చోటికి వెళ్ళిపోయింది. పంపు తిప్పిన చప్పుడు వినిపించింది. ఆ పిల్ల తన తెరమీది సంగతులు పక్కవాళ్ళకు చూపించి మూసేశాకే తిరిగి వచ్చింది. అందరివీ చూసిన మనిషి, ఈ ఒక్కదానివే చూడలేదు.

విలేకరిగా నేను నేర్చుకున్న మొదటి పాఠం ఒకటుంది. ఒక మనిషి కావాలని ముఖం తిప్పుకుందంటే, అక్కడ చూడవలసింది ఏదో ఉంది.

సాయంత్రం పొదటూరుపేట బస్సులో పిల్ల పక్కనే కూర్చున్నాను.

"అమ్మ పంపిస్తే వచ్చినావా మామా?"

"నువ్వేం చేస్తా ఉండావో చూద్దామని."

"చూసినావు గదా. ఎవుర్నన్నా ఏరుకున్నానా? చిత్తూరు అబ్బాయి పరవాలా, కానీ వాడు ఎలకల మెదళ్ళు కోస్తాడు. అమ్మ ఒప్పుకోదు."

నవ్వింది గానీ కిటికీ వైపు తిరిగే నవ్వింది. ఊరొచ్చేలోగా అసలు సంగతి మెల్లగా బయటపెట్టింది. ఆమె పరిశోధన వేళ్ళ స్పర్శ మీద. సన్నటి గాడులున్న పలకలను వేలికొనకు తాకిస్తారు. తలమీద తీగల టోపీ ఒకటి పెడతారు. ఆ తాకిడికి మెదడులో పుట్టే కదలికను ఆ టోపీ గీతలుగా రాస్తుంది. ఆమె గైడు ఇంతకుముందు వీణ వాయించేవాళ్ళ మీద ఇదే చేశాడు. వేళ్ళతో సున్నితమైన పని చేసేవాళ్ళ మెదళ్ళలో ఆ గీతలు పెద్దవిగా లేస్తాయని తేల్చాడు. అలాగైతే తెగిన పోగును చూడకుండానే వేలికొనలతో మెలిపెట్టి అతికే మా వీధివాళ్ళ సంగతేమిటని ఈ పిల్లకు అనిపించింది. టోపీ తెచ్చి, మా చెల్లెలి ఇంట్లోనే, మగ్గం పక్క గదిలో, వీధి వాళ్ళను ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి గీతలు తీసింది. మగవాళ్ళవి బాగా వచ్చాయి. ఆడవాళ్ళవి చెడిపోయాయి. గీతలు ఎక్కడికక్కడ తెగి, గడ్డి పీకినట్టు వచ్చాయి.

"సార్ ఏమన్నాడు?"

"చెడిపోయినవి తీసెయ్ అన్నాడు. తీసేస్తే అంతా అందంగా వస్తాది మామా. వీణ వాళ్ళ మీద ఆయన చెప్పినదానికి సరిగ్గా సరిపోతాది."

"మరి తీసెయ్."

"తీసేసేది ఎవుర్ననుకున్నావు? అత్తలు, పెద్దమ్మలు, అందర్నీ. మన వీధిలో పోగులతికేదే వాళ్ళు. వాళ్ళు లేకుండా అది నేతవాళ్ళ మీద పరిశోధన ఎట్లయితాది? నేను తియ్యనన్నా. ఆయన అరవలా, తిట్టలా. మాట్లాడడం మానేసినాడు."

ఆ రాత్రి తిరువళ్ళూరులో ఇంటికి చేరి కాగితం మీద గీసుకున్నట్టే ఆలోచించాను. గైడు తనకు నచ్చినవే ఉంచుకునే మనిషై ఉండవచ్చు. పిల్ల మొండిదై ఉండవచ్చు. ఎవరిది తప్పైనా, ఈ పిల్ల మొండికేస్తే లాభం ఎవరికి? చెన్నైలో చదువుల వార్తలు చూసిన పాత సహోద్యోగికి ఫోన్ చేశాను. రెండు రోజుల్లో జవాబొచ్చింది. మేడమూ ఆ గైడూ వయసులో ఉన్నప్పుడు ఒకే ల్యాబులో పనిచేశారు. ఏదో విషయంలో చెడింది. అప్పటినుంచి మాటల్లేవు.

ఇదీ సందు, అనుకున్నాను. పాత పగ తీర్చుకోవడానికి మా పిల్ల చేతిలో కత్తి పెడుతోంది ఆమె. సాక్ష్యం తన చేతికి అంటకుండా, చూడనట్టు నటిస్తోంది.

తర్వాతి ఆదివారం మా చెల్లెలు కూడా బయలుదేరింది. కళ్ళారా చూస్తేగాని నమ్మనంది. మండపంలోకి రాగానే మేడమ్ జుట్టు చూసి నా చెవిలో గొణిగింది.

"ఏందన్నా ఆమె, కొండమీద మొక్కు తీర్చుకొని నేరుగా ఈడికే వచ్చినట్టుండాది."

నేను మేడమ్‌ను చేతులు కడుక్కునే చోటే పట్టుకున్నాను. ఆమె స్టీలు గ్లాసులు కడుగుతోంది.

"మీకూ మా పాప గైడుకూ పాత గొడవ ఉండాదంట గదా."

ఆమె గ్లాసు కడగడం ఆపలేదు. "ఉండాది. ఎవురు చెప్పినారు?"

"అది చెప్పను."

"చెప్పొద్దులే. మంచి అలవాటు." నీళ్ళు వంపేసి గ్లాసు బోర్లించింది. "గొడవ ఉండాది గాబట్టే ఆ పాప గీతలు నేను చూడలా. చూస్తే నాకేం కనపడతాదో నాకు తెలుసు. ఆయన తప్పే కనపడతాది. లేకపోయినా కనపడతాది."

"మరి ఆ పాపను రానియ్యడం ఎందుకు?"

"రావద్దంటే యాడికి పోతాది అన్నా?"

నిమిషం కిందట పరిచయమైన మనిషి అప్పుడే అన్నా అంటోంది. అంత తొందరగా చుట్టరికం కలిపేవాళ్ళను నేను నమ్మను. ఆ మాట నా ముఖంలో కనిపించి ఉండాలి.

"మీరు ఎవుర్నీ నమ్మరని పాప చెప్పింది. నిజమేనా?"

"పేపరులో నేర్పినది అదే."

"అయితే ఇయ్యాల లోపల కూర్చోండి. ఆ పాపను కూడా నమ్మకండి. ఆయన పక్క కాకుండా, నా పక్క కాకుండా, ఒక మనిషి కావాల నాకు."

"ఇదంతా చుమ్మా ఎందుకు చేస్తున్నారు?"

"అది మీరే కనుక్కోండి," అని గ్లాసుల బుట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఇప్పటికీ కనుక్కోలేదు.

పిల్ల బల్ల చివర నిలబడింది. చుట్టూ పిల్లలు. నన్ను ఎదురుగా కూర్చోబెట్టారు. మా చెల్లెలు సంచీ ఒళ్ళో పెట్టుకుని గోడవారన కూర్చుంది. మేడమ్ తెరకు వీపు పెట్టి, కిటికీ వైపు తిరిగి నిలబడింది. పిల్ల చెప్పింది చెప్పినట్టు బాగానే చెప్పింది. నేను పోలీసు స్టేషన్ దగ్గర అడిగే ప్రశ్నలే అడిగాను. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు చెప్పగా.

"వాళ్ళను రమ్మన్నప్పుడు ఏం చెప్పి రమ్మన్నావు?"

"తల శుభ్రంగా కడుక్కొని రమ్మన్నా. టోపీ పనిచెయ్యాలంటే అది ముఖ్యం."

"కడుక్కొని వచ్చినారా?"

"వచ్చినారు."

"నీకెట్లా తెలుసు? చూసినావా, వాళ్ళు చెప్తే నమ్మినావా?"

ఆమె జవాబు చెప్పేలోపు గోడవార నుంచి మా చెల్లెలు లేచింది.

"ఏందన్నా అది, కోర్టులో అడిగినట్టు! ఇంటింటికీ పోయి చెప్పింది నేను గదా. అందరూ నిండుగా తలంటుకొని, సీకాయ రుద్దుకొని, సాంబ్రాణి పట్టించుకొని వచ్చినారు. మా పెద్దవదినైతే పూలు పెట్టుకొని పెళ్ళికి వచ్చినట్టే వచ్చింది."

"నూనె పెట్టుకొనే తలంటుకున్నారా?"

"నూనె లేకుండా ఎవురన్నా తలకు పోసుకుంటారా? దానికి ఇంట్లో శవం లేసిండాల!"

చిత్తూరు అబ్బాయి పెన్ను కింద పెట్టాడు. మా వైపు ఇళ్ళలో ఆడవాళ్ళు నూనె లేకుండా తలకు పోసుకునేది చావింటికి వెళ్ళి వచ్చినప్పుడే. శుభానికైతే ముందు నూనె మాడుకు పట్టించాలి. పోసుకున్నాక, జడ వేసుకునే ముందు అరచేతిలో మళ్ళీ రెండు చుక్కలు వేసుకుని పైపైన రాయాలి. ఎండు జుట్టుతో ఒక ఆడమనిషి వీధిలోకి వస్తే ఎదురొచ్చినవాళ్ళు ఎవరు పోయారని అడుగుతారు. చదువుకున్న పిల్ల పిలిచింది, మన పిల్ల, మొదటిసారి మనతో పనిపడింది అనుకున్న ఆ ఆడవాళ్ళు, శుభానికి వచ్చినట్టే వచ్చారు. నూనె ఉన్న మాడు మీద ఆ టోపీ గుండీలు సరిగ్గా అతకవు. ఆ సంగతి అక్కడున్న పిల్లలందరికీ తెలుసు.

"మొగోళ్ళో?" అని చిత్తూరు అబ్బాయి మెల్లగా అడిగాడు.

"మొగోళ్ళు చెప్పిన మాట ఏనాడు విన్నారు? షాంపూ పొట్లం చించి ఒక్క చెంబు గుమ్మరించుకొని వచ్చేసినారు," అంది మా చెల్లెలు.

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. మా పిల్లనే చూస్తున్నాను. అక్కడ ఆశ్చర్యపోవలసిన మొదటి మనిషి ఆమె. ఆమె ఆశ్చర్యపోలేదు.

"నీకు ముందే తెలుసు," అన్నాను.

ఆమె ల్యాప్‌టాప్ మూసేసింది.

"తెలుసు మామా. టోపీ తీసినప్పుడంతా నా చేతులకు అంటుకునేది."

"మీ సార్‌కు చెప్పలా?"

"ఆయన అడగలా. ఎందుకు చెడిపోయినాయని అడగలా. తీసెయ్ అన్నాడు. నేను చేరిన కొత్తల్లో అమ్మ జడ వేసి పంపించేది గదా, నూనె పెట్టి. ల్యాబులో నేను కూర్చునే కుర్చీకి, తల ఆనే చోట, ఎవురో టిష్యూ పేపరు అంటించినారు. ఎవురూ ఒక్క మాట అనలా. నవ్వలా కూడా. మరుసటి దినం కొత్త పేపరు. ఆ వారమే నూనె మానేసినా. ఆ ల్యాబులో నూనె అనే మాట నా నోట్లోంచి రాదు మామా. నా పెద్దమ్మల తలల్లో నూనె ఉండాదని ఎట్లా చెప్పేది?"

మా చెల్లెలు కూర్చుండిపోయింది. ఆమె ఆ సంగతి అప్పుడే వినడం. బల్ల అవతల ఒక పిల్ల, "నాకు కూడా అట్లాంటిది ఒకటుండాది," అని, అదేమిటో చెప్పకుండా తల వంచుకుంది.

నా లెక్క తారుమారైంది. గైడును అనుమానించాను, మేడమ్‌ను అనుమానించాను. మా పిల్లను అనుమానించాలని తోచలేదు. ఆమె చెప్పింది అబద్ధం కాదు. నిజంలో ఒక ముక్క దాచుకుంది.

మా చెల్లెలే ముందు తేరుకుంది. "సరి, ఇదంతా చెప్పకుండా సార్ చెప్పినట్టు తీసేస్తే ఏమైతాది?"

"డాక్టరేట్ వస్తాది."

"చెప్తే?"

"తెలిసి దాచినావు గదా అంటారు. సీటు పోవచ్చు."

"మరి ఎదుక్కు వంబు? ఎందుకు ఈ తంటా? తీసేసెయ్. మీ అత్తలేమన్నా నిన్ను అడగబోతారా?"

పిల్ల మేడమ్ వైపు తిరిగింది. నేను కూడా తిరిగాను. ఆమె ఇప్పుడేం చెబుతుందో దాన్నిబట్టి ఆమె ఎవరో తేలిపోతుందనుకున్నాను. ఆ గైడు చెడిపోయిన గీతలకు కారణం కూడా అడగలేదన్న మాట ఆమె విన్నది. అంతకంటే మంచి కత్తి దొరకదు.

"నా సలహా నీకు పనికిరాదు పాపా," అంది మేడమ్. "ఆయన ముఖం కమిటీలో మాడిపోవాలని నాకు ఆశ ఉండాది. నేనేం చెప్పినా అందులో ఆ ఆశ కలిసి ఉంటాది. నువ్వు చెప్పాలనుకుంటే, ఎట్లా చెప్పాలో నేర్పిస్తా. చెప్పకూడదనుకుంటే, దానికి నా దగ్గర పాఠం లేదు. సాంబారు సాదం ఆరిపోతా ఉండాది, ముందు తినండి."

మాట చక్కగా ఉంది. చక్కటి మాటలు రాసుకుని మోసపోయిన రోజులు నాకు గుర్తున్నాయి. అన్నం తింటున్నంతసేపూ ఆమెనే చూశాను. ఆమె పచ్చడి అడిగి వేయించుకుంది.

తిన్నాక పిల్ల మళ్ళీ అదే చోట నిలబడి, "నేర్పించండి మేడమ్," అంది.

నేర్పించింది ఒక్క వాక్యమే. ఎవరూ అడగకముందే, తెర వెలగకముందే చెప్పవలసిన వాక్యం: ఆడవాళ్ళ తలల్లో నూనె ఉంది, నాకు తెలుసు, నేను రాసుకోలేదు, ఆ తప్పు నాది, వాళ్ళ మెదళ్ళది కాదు. పిల్ల గొంతు ప్రతిసారీ నూనె అనే మాట దగ్గర పడిపోయేది. మేడమ్ మళ్ళీ అనేది. పక్క పిల్లలు కూడా మళ్ళీ అనేవాళ్ళు. మేనేజరు వాకిట్లో నిలబడి ఇదంతా విని, "ఎణ్ణె వ్యాపారమా సార్ కడసీకి?" అని నన్ను అడిగాడు. నూనె వ్యాపారమా చివరికి, అని.

ఆవణిలో కమిటీ రోజున తిరువళ్ళూరు ప్లాట్‌ఫారం మీద పిల్లను కలిశాను. పొదటూరుపేటలో తొలి బస్సు పట్టుకుని వచ్చింది. జడ గట్టిగా అల్లి ఉంది, మెరుస్తోంది. నేను అటు చూడటం గమనించింది.

"అమ్మ పెట్టింది. నేను వద్దనలా," అంది.

మా చెల్లెలు రాలేదు. రైలు కదిలాక నాకు ఫోన్ చేసి, ఆ స్కూలు వాళ్ళను ఇంకో వారం ఆగమని చెప్పమంది. చెప్పాను. పగలంతా బజారులో తిరిగి, సాయంత్రం మళ్ళీ అదే ప్లాట్‌ఫారం మీదికి వచ్చాను. రైలు దిగిన పిల్ల ముఖంలో ఏమీ తెలియలేదు. టీ చేతికిచ్చేదాకా ఆగింది.

"చెప్పినా మామా. మొదటే చెప్పినా. గొంతు పడిపోలా."

"మీ సార్?"

"కొంచంసేపు నన్నే చూసినాడు. ఆపైన, అయితే ఆడవాళ్ళవి మళ్ళీ తియ్యాల అన్నాడు. ఆయనే అన్నాడు. తై నెల వరకూ, పొంగల్ దాకా, టైం ఇచ్చినారు. తియ్యలేకపోతే అప్పుడు సీటు పోతాది."

అంత సులువుగా ఎందుకు ఒప్పుకున్నాడు? నలుగురి ముందు తప్పించుకోలేకా? లేక నిజంగానే ఇంతకాలం అతనికి తెలియదా? అదే అడిగాను. పిల్ల టీ గ్లాసులోకి చూసింది.

"ఇంకొకటి జరిగింది. కమిటీలో ఒక పెద్దావిడ, వీణ వాయించేవాళ్ళలో ఆడవాళ్ళు ఉన్నారా, వాళ్ళ తలల సంగతి ఎవరన్నా రాసుకున్నారా అని సార్‌ను అడిగింది. ఆయన నీళ్ళు తాగినాడు. చూసి చెప్తానన్నాడు." ఆగి, నా వైపు తిరిగింది. "మామా, ఇది మేడమ్‌కు చెప్పొద్దు."

"ఎందుకు?"

"ఆమె మంచిదే. కానీ ఇది ఆమెకు ఇయ్యకూడదు."

ఒక ఆడి నెలలో ఈ పిల్ల నాకంటే బాగా అనుమానించడం నేర్చుకుంది. ఎక్కడ నేర్చుకుందో చెప్పలేను.

ఆడవాళ్ళను మళ్ళీ ఒప్పించడమే కష్టమైంది. నూనె లేని ఎండు తలతో వీధి దాటి రమ్మంటే ఎవరూ రారు. అందుకని పిల్ల ఒక పద్ధతి పెట్టింది. ఎప్పుడూ వచ్చేటట్టే నూనె తలతోనే రావాలి. మా చెల్లెలి పెరట్లో తనే వాళ్ళ తలలు కడుగుతుంది, ఆరబెడుతుంది, టోపీ పెడుతుంది. పని అయ్యాక నూనె రాసి, జడ వేసి, పూలు పెట్టి పంపిస్తుంది. ఎండు తల పెరటి గోడ దాటదు.

మొదట కూర్చున్నది మా చెల్లెలి పెద్దవదినే. పిల్లకు మేనత్త.

"ఏమ్మే, బతికుండగానే చావు స్నానం చేయిస్తా ఉండావా నాకు?"

"ఇంట్లోనే గదా అత్తా. ఎవురు చూస్తారు?"

"యముడు చూస్తాడు. చూసి, లిస్టులో పేరుండాదేమో అని పొరబాటు పడతాడు."

"నీ గొంతు విని భయపడి పోతాడులే," అంది మా చెల్లెలు, షాంపూ నురగ చేస్తూ.

మేడమ్ కూడా వచ్చింది, పిలవకుండానే. పెరట్లోకి నేరుగా వచ్చి చీర కుచ్చెళ్ళు దోపుకుని, చెంబుతో నీళ్ళు పోయడానికి నిలబడింది. గదిలో ల్యాప్‌టాప్ తెర పెరటి వైపే ఉంది. ఆమె గోడ వైపు తిరిగి నీళ్ళు పోసింది, సగం నీళ్ళు అత్త వీపు మీద పడ్డాయి, అత్త తిట్టింది. అయినా ఇటు తిరగలేదు. నేను గడప మీద కూర్చుని, ఒక్కసారైనా తిరుగుతుందేమోనని చూస్తూనే ఉన్నాను.

చెంబు నింపుకునేటప్పుడు అడిగింది. "ఏమన్నా, ఆ రోజు కమిటీలో ఇంకేమన్నా జరిగినాదా?"

"నాకేం తెలుసు? నేను ప్లాట్‌ఫారం మీద ఉండినా."

ఆమె నన్ను చూసిన చూపు నాకు బాగా తెలిసినదే. ఎదుటివాళ్ళను నేను అలాగే చూస్తాను. మళ్ళీ నీళ్ళు ముంచింది.

లోపల అత్త టోపీ పెట్టుకుని కూర్చుంది. గాడుల పలక ఆమె వేలికొనను తాకుతూ పోయింది. పిల్ల తెరనే చూస్తోంది. గీతలు నిలిచాయో, మళ్ళీ తెగాయో ఆమె ముఖంలో వెతికాను. ఏమీ దొరకలేదు. చివరికి తల ఎత్తకుండానే, "అమ్మా, తర్వాతావిడను కూర్చోబెట్టు," అంది.

అత్త జుట్టుకు అంటిన టోపీ జిగురంతా కడిగి, నూనె పెట్టి, జడ వేసి, కనకాంబరాలు తురిమారు. ఆమె లేచి, వాకిలి దాకా వచ్చి, వీధిలోకి దిగబోతూ ఆగింది. అరచేత్తో తల నిమురుకుని, ఆ చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. నూనె పెట్టామని మేమందరం చెప్పినా ఆమె మమ్మల్ని నమ్మలేదు. చూసుకున్నాకే దిగింది.